27 దాటకముందే వాతరోగం: నారాయణ భట్టతిరి గారి నూరు రోజులు



గురువాయూర్ వీడియోలో నారాయణీయం రాసిన మేల్పత్తూర్ నారాయణ భట్టతిరి గారి గురించి రెండు నిమిషాలే చెప్పుకున్నాం. ఆయనకి వాతరోగం వచ్చింది, గురువాయూరప్పన్ ముందు కూర్చుని రోజుకో దశకం చొప్పున నూరు రోజులు స్తోత్రం రాశారు, రోగం తగ్గింది. ఇంతే చెప్పాం. ఆ వీడియోకి గొంతు ఇచ్చింది నేనే. రికార్డింగ్ జరుగుతున్నంతసేపూ నా నడుము వెనక వేడినీళ్ల బ్యాగ్ ఉంది.

ఈ కథని ఇలాగే రెండు నిమిషాల్లో విని, తప్పుగా అర్థం చేసుకుని, నేను ఒకసారి బాగా దెబ్బతిన్నాను. అందుకే ఈ వారం ఆయన జీవితం మొత్తం తీరిగ్గా రాస్తున్నా. మీకు గానీ, మీ ఇంట్లో ఎవరికైనా గానీ ఏళ్ల తరబడి వదలని నొప్పి ఉంటే, ఇది ముఖ్యంగా మీ కోసం.

నిళా నది ఒడ్డున

భట్టతిరి గారు సుమారు 1560లో పుట్టారు. ఊరు ఇప్పటి కేరళలోని మలప్పురం జిల్లాలో, తిరునావాయ దగ్గర. అక్కడ పారే నది భారతపుళ. దాన్నే నిళా అని కూడా అంటారు. మేల్పత్తూర్ అనేది ఆయన ఇంటిపేరు. తండ్రి మాతృదత్తులు మంచి పండితులు. తన గురువులెవరో భట్టతిరి గారే రాసిపెట్టుకున్నారు. మీమాంస తండ్రి దగ్గర, వేదం మాధవుడనే ఆయన దగ్గర, తర్కం దామోదరుడి దగ్గర, వ్యాకరణం అచ్యుత పిషారడి గారి దగ్గర నేర్చుకున్నారు.

ఈ పిషారడి గారి గురించి ఇంజనీరింగ్ చదివిన ప్రతివాళ్లూ తెలుసుకోవాలి. వృత్తం చుట్టుకొలతకి అనంత శ్రేణి కనిపెట్టిన సంగమగ్రామ మాధవుడితో మొదలైన గణిత పరంపర ఒకటి కేరళలో ఉంది. ఆ పరంపరలో యుక్తిభాష రాసిన జ్యేష్ఠదేవుడి శిష్యుడు పిషారడి గారు. గ్రహాల లెక్కల మీద, గ్రహణాల మీద పుస్తకాలు రాశారు. వ్యాకరణంలో కూడా దిట్ట. అంత పెద్దాయన దగ్గర మన భట్టతిరి గారు శిష్యరికం చేశారు.

ఎలా చేరారన్న దాని మీద కేరళలో ఒక కథ చెప్పుకుంటారు. కుర్రతనంలో ఆయన చదువు పక్కన పెట్టి తిరిగేవారట. పిషారడి గారి ఇంటి అమ్మాయితో సంబంధం కుదిరి ఆ ఇంటికి వెళ్లాక, ఒకరోజు పొద్దెక్కేదాకా పడుకుని ఉంటే పెద్దాయన గట్టిగా మందలించారట. ఆ మాట లోపల ఎక్కడో తగిలింది. ఆ రోజే ఆయన కాళ్ల దగ్గర కూర్చుని చదువు మొదలుపెట్టారు. మందలింపుకి అలిగి వెళ్లిపోకుండా శిష్యుడైపోవడం మామూలు విషయం కాదు.

నొప్పి వచ్చింది

కొన్నాళ్లకి పిషారడి గారికి వాతరోగం పట్టుకుంది. ఎన్ని వైద్యాలు చేసినా తగ్గలేదు. అప్పుడు భట్టతిరి గారు గురుదక్షిణగా ఆ రోగాన్ని తన ఒంటి మీదకి తీసుకున్నారని సంప్రదాయం చెబుతుంది. గురువు గారు లేచి తిరిగారు, శిష్యుడు మంచం పట్టారు. రోగం ఎలా వచ్చిందన్నది మీరు మీ నమ్మకాన్ని బట్టి తీసుకోండి. వచ్చిందన్నది మాత్రం కథ కాదు. నారాయణీయంలో ఆయనే మళ్లీ మళ్లీ తన రోగం గురించి రాసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 27 లోపే.

ఇప్పుడు నా సంగతి. నా వయసు 28. నాలుగేళ్ల కిందట నడుము కింది భాగంలో నొప్పి మొదలైంది. తెల్లవారుజామున మూడింటికో నాలుగింటికో మెలకువ వచ్చేది. లేచి హాల్లో నడిస్తే కాస్త తగ్గేది, పడుకుంటే ఎక్కువయ్యేది. పొద్దున సాక్సు వేసుకోవడానికి వంగలేకపోయేవాణ్ణి. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కదా, అందరూ కుర్చీనే తప్పుపట్టారు. కుర్చీ మార్చా, పరుపు మార్చా, బెల్టు కట్టా. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. ఏమీ లేదన్న మాట విన్నాక ఆఫీసులో నొప్పి గురించి చెప్పడం మానేశా. మీటింగుల్లో నిలబడే ఉండేవాణ్ణి. అడిగితే నిలబడితే చురుగ్గా ఉంటుందని చెప్పేవాణ్ణి.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు నా మాటలు పూర్తిగా విని, విశ్రాంతితో పెరిగి కదలికతో తగ్గే నొప్పి మామూలు నడుమునొప్పి కాదని చెప్పి, రుమటాలజిస్టు దగ్గరికి పంపారు. ఎంఆర్‌ఐ తీశారు, రక్తపరీక్ష చేశారు. యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ అన్నారు. మన రోగనిరోధక శక్తే మన వెన్ను కీళ్ల మీద దాడి చేసే జబ్బు. అశ్రద్ధ చేస్తే కొందరిలో వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. రోజూ వ్యాయామం చేయాలి, వాపు తగ్గించే మాత్రలు వాడాలి, వాటితో లొంగకపోతే ఇంజెక్షన్లు తీసుకోవాలి. మా నాయనమ్మ అయితే ఇన్ని మాటలు లేకుండా వాతం అనేసేది. ఆవిడకి కీళ్లలో ఏ నొప్పి వచ్చినా పేరు అదే.

గుడిలో నూరు రోజులు

భట్టతిరి గారికి కూడా వైద్యాలు పని చేయలేదు. అప్పుడు తుంచత్తు ఎళుత్తచ్ఛన్ గారి దగ్గరికి మనిషిని పంపారని చెబుతారు. మలయాళ భాషకి తండ్రిలాంటి వారు ఆయన. ఆయన ఇచ్చిన సలహా ఒక్కటే, చేపతో మొదలుపెట్టమని. వెళ్లినవాడు మండిపడ్డాడు. శాకాహారి అయిన నంబూద్రి బ్రాహ్మణుడికి చేప తినమని చెప్పడమేమిటని. కానీ భట్టతిరి గారికి వెంటనే వెలిగింది. చేప అంటే మత్స్యావతారం. అంటే భగవంతుడి అవతారాలన్నీ వరసగా పాడమని.

ఇక్కడ చిన్న విషయం. నారాయణీయం తెరిచి చూస్తే చేపతో మొదలవదు. భాగవతం వరసలోనే నడుస్తుంది. మత్స్యావతారం 32వ దశకంలో వస్తుంది. చేప కథ ఆయన్ని పెన్ను పట్టించిన కథ అనుకుంటే సరిపోతుంది.

ఆయన గురువాయూర్ వెళ్లారు. గురువు అంటే బృహస్పతి, వాయువు, ఇద్దరూ కలిసి ప్రతిష్ఠించిన స్వామి కాబట్టి గురువాయూర్ అని స్థలపురాణం. వాయువుకే వాతం అని మరో పేరు. అందుకే భట్టతిరి గారు ఆ ఊరిని వాతపురం, వాతాలయం అని పిలుస్తారు. వాతం పట్టిన మనిషి వాతపురం స్వామి ముందుకొచ్చి కూర్చున్నాడన్నమాట. అంత నొప్పిలోనూ ఆయనలోని వ్యాకరణ పండితుడు మాటలతో ఆడుకోవడం మానలేదు.

పని ఎంత పెద్దదో చూడండి. భాగవతంలో 18,000 శ్లోకాలని లెక్క. దాన్ని వెయ్యికి పైచిలుకు శ్లోకాల్లోకి, నూరు దశకాల్లోకి కుదించారు. దశకం అంటే దాదాపు పది శ్లోకాలు. రోజుకి ఒకటే. ఒంట్లో బాగాలేని మనిషి రోజుకి ఎంత మోయగలడో అంతే ఎత్తుకున్నారు. ప్రతి దశకం చివర దాదాపు ఒకటే పని చేశారు. గురువాయూరప్పన్ని పిలిచి నా రోగం తీసెయ్యి అని అడిగారు.

నేను చేసిన తప్పు

డాక్టర్ గారు రెండో విడతలో ఇంజెక్షన్ల మాట ఎత్తేసరికి నాకు భయం వేసింది. ఎన్నేళ్లు తీసుకోవాలో ఎవరూ చెప్పలేరు. అదే వారం మా పెద్దమ్మ నారాయణీయం పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. నూరు రోజులు పారాయణ చెయ్యరా, భట్టతిరికి తగ్గింది నీకు తగ్గదా అంది. ఆవిడ మందులు మానమని అనలేదు. ఆ తెలివి నాదే. మాత్ర వేసుకుంటూ స్వామిని అడిగితే నమ్మకం సగమే ఉన్నట్టు కదా అనుకున్నా. ఇంట్లో ఎవరికీ చెప్పకుండా మొదటి రోజు నుంచే మాత్రలు ఆపేశా.

మొదటి వారం బాగానే ఉంది. రెండో వారం రాత్రిళ్లు మళ్లీ మెలకువ. అది పరీక్ష అనుకున్నా. 23వ రోజు పొద్దున మంచం మీద నుంచి లేవలేకపోయా. పక్కకి తిరగాలన్నా దుప్పటి పట్టుకుని లాక్కోవాల్సి వచ్చింది. అమ్మ వచ్చి వీపు కింద చెయ్యి పెట్టి లేపింది. టేబుల్ సొరుగులో నిండుగా ఉన్న మాత్రల షీట్లు చూసింది. ఏమీ అనలేదు. తిట్టినా బాగుండేది.

ఆ రోజు సెలవు పెట్టి పడుకుని మొదటిసారి పుస్తకంలో తాత్పర్యాలు చదివా. అప్పటిదాకా తెలుగు లిపిలో ఉన్న సంస్కృతాన్ని గడగడా చదివి పుస్తకం మూసేసేవాణ్ణి. మూడో దశకం దగ్గర ఆగిపోయా. నీ నామాలు తలుచుకుంటూ తిరిగేవాళ్లు ధన్యులు, నా మనసేమో రోగంతో నలిగిపోయి నీ పాదాల మీద నిలబడటం లేదు అని ఆయన మొరపెట్టుకున్నారు. నారాయణీయం రాసిన మనిషి నొప్పి వల్ల దేవుడి మీద మనసు నిలవట్లేదని దేవుడికే చెబుతున్నారు! ఎనిమిదో దశకం చివర తన రోగాల కుప్పని అడ్డుకోమని అడుగుతారు. ఆ శ్లోకాన్ని ఆరోగ్యం కోసం ఇప్పటికీ ఎంతోమంది రోజూ చదువుతారు.

నేను నాలుగేళ్లు ఆఫీసులో దాచా, డాక్టర్ దగ్గర సగం దాచా, అమ్మ దగ్గర దాచా. నొప్పి లేనట్టు ఉండటమే భక్తి అనుకుని స్వామి దగ్గర కూడా దాచా. భట్టతిరి గారు ఎవరి దగ్గరా దాచలేదు. ఎక్కడ ఎలా ఉందో రోజూ చెప్పారు, తగ్గించమని రోజూ అడిగారు. అడగడం ఆయనకి నమ్మకం తక్కువ కావడం కాదు. నమ్మకం ఉంది కాబట్టే అడిగారు.

ఇంకోటి కూడా అప్పుడే తట్టింది. ఆయన దొరికిన వైద్యాలన్నీ అయ్యాక గుడి మెట్లు ఎక్కారు. నేను వైద్యం సరిగ్గా మొదలు కాకముందే దాన్ని వదిలేసి ఆయనతో పోల్చుకున్నా.

మర్నాడే డాక్టర్ గారికి ఫోన్ చేసి జరిగింది ఉన్నది ఉన్నట్టు చెప్పా. ఆయన కోప్పడలేదు. పారాయణ ఆపొద్దు, మాత్ర కూడా ఆపొద్దు అన్నారు. రెండూ కొనసాగించా.

ఆయురారోగ్యసౌఖ్యం

నూరో రోజు భట్టతిరి గారికి స్వామి దర్శనం అయిందని చెబుతారు. నూరో దశకం మొత్తం ఆ రూపాన్ని కేశాల నుంచి పాదాల దాకా వర్ణిస్తుంది. ఇక ఆ స్తోత్రం ముగిసే మాట ఆయురారోగ్యసౌఖ్యం. ఈ మాటలో ఆయన ఒక తేదీ దాచారు.

కటపయాది అని మన పాత పద్ధతి ఒకటి ఉంది. ఒక్కో అక్షరానికి ఒక అంకె. అచ్చుకి సున్నా. య నుంచి హ వరకు య ఒకటి, ర రెండు, ఇలా వెళ్తే స ఏడు. సంయుక్తాక్షరంలో చివరి హల్లునే లెక్కలోకి తీసుకోవాలి. ఆ, యు, రా, రో, గ్య, సౌ, ఖ్యం. వరసగా 0, 1, 2, 2, 1, 7, 1. అంకెల్ని కుడి నుంచి ఎడమకి చదవాలి. 1712210. కలియుగం మొదలై ఇన్ని రోజులైందని అర్థం. ఆ రోజు నారాయణీయం పూర్తయింది.

నేను ఊరుకోలేక చిన్న ప్రోగ్రాం రాసి చూశా. కలియుగం మొదలు క్రీ.పూ. 3102 ఫిబ్రవరి 18. అక్కణ్ణుంచి 1712210 రోజులు కలిపితే 1586 నవంబరు 28 వచ్చింది. పుస్తకాల్లో ఏమో నవంబరు 27 అని ఉంది. కాసేపు బుర్ర గోక్కున్నాక తెలిసింది. మొదటి రోజుని నేను సున్నా నుంచి లెక్కపెట్టా. ఒకటి నుంచి లెక్కపెడితే సరిగ్గా 27. ప్రోగ్రాములు రాసేవాళ్లందరికీ తెలిసిన తప్పే ఇది. కేరళలో ఏటా వృశ్చిక మాసం 28న నారాయణీయం దినం జరుపుకుంటారు.

ఇంకో విషయం గమనించండి. ప్రతి దశకం చివరా నా రోగం, నా బాధ అని అడిగిన మనిషి, చివరి శ్లోకంలో మాత్రం ఈ స్తోత్రం ఈ లోకంలో ఆయుష్షు, ఆరోగ్యం, సౌఖ్యం కలిగించాలని కోరుకున్నారు. నూరు రోజుల్లో నా అనే మాట అంత దూరం నడిచింది.

ఆ తర్వాత

కథ ఇక్కడితో ఆపేస్తారు అందరూ. నిజానికి ఆయన జీవితంలో ఎక్కువ భాగం దీని తర్వాతే ఉంది.

పూంతానం అనే భక్తకవి ఆయన కాలం వారే. మలయాళంలో తాను రాసింది ఒకసారి చూడమని పూంతానం వస్తే, సంస్కృతం కాదు కదా అని భట్టతిరి గారు తీసిపారేశారట. ఆ రాత్రి నొప్పి మళ్లీ తిరగబెట్టిందని కొందరు చెబుతారు. నీ విభక్తి కన్నా అతని భక్తి నాకిష్టమని స్వామి కలలో చెప్పారట. తెల్లారగానే వెళ్లి పూంతానాన్ని క్షమించమని అడిగారు. అర్థం చూడకుండా 22 రోజులు గడగడా చదివిన నాకు ఈ కథ బాగా తగిలింది. నొప్పి ఒకసారి తగ్గాక మళ్లీ రావచ్చన్నది కూడా ఇందులో ఉంది. మళ్లీ వస్తే మళ్లీ వెళ్లి అడగాలి.

1616 ప్రాంతంలో, అంబలప్పుళ రాజు దేవనారాయణుడు కోరితే, పాణిని వ్యాకరణాన్ని కొత్త వరసలో సర్ది ప్రక్రియాసర్వస్వం రాశారు. దాన్ని 60 రోజుల్లో పూర్తి చేశారని చెబుతారు. మీమాంస మీద మానమేయోదయంలో ప్రమాణాల భాగం ఆయనదే. పాణిని చెప్పని ప్రయోగాలు తప్పు కావని వాదిస్తూ ఒక పుస్తకం రాశారు. చాక్యార్ కూత్తు వాళ్లు ఆడుకునేందుకు ప్రబంధాలు రాశారు. 1621లో పిషారడి గారు పోయినప్పుడు, ఆ గురువు మీద శ్లోకం రాసి అందులోనూ తేదీ దాచారు. నారాయణీయం తర్వాత 35 ఏళ్లు గురువు బతికే ఉన్నారన్నమాట.

ముసలితనంలో ముక్కోల భగవతి గుడిలో ఉండి, అమ్మవారి పాదాల మీద శ్రీపాదసప్తతి అని 70 శ్లోకాలు చెప్పారు. 86 ఏళ్లు బతికారని ఎక్కువమంది చెబుతారు. 27 లోపు మంచం పట్టిన మనిషి.

ఇక నేను. పారాయణ నూరో రోజుకి నాకు పూర్తిగా తగ్గలేదు. పొద్దున రెండు గంటలు బిగుసుకుపోయే నడుము గంటకి వచ్చింది, అంతే. తర్వాత క్షయ పరీక్ష చేయించుకుని ఇంజెక్షన్లు మొదలుపెట్టా. ఇప్పుడు ఇరవై నిమిషాలు. వ్యాయామం రోజూ చేస్తున్నా. మొన్న శబరి ఎక్స్‌ప్రెస్‌లో త్రిసూర్ దిగి గురువాయూర్ వెళ్లొచ్చా. రైల్లో గంటకోసారి లేచి బోగీ ఆ చివర నుంచి ఈ చివరకి నడుస్తూనే ఉన్నా. గుడి లోపల, గర్భగుడి దగ్గర, ఆయన కూర్చుని రాసిన చోటు ఇప్పటికీ చూపిస్తారు. చిన్న జాగా. నొప్పి ఉన్న మనిషి అక్కడ నూరు రోజులు ఎలా కూర్చున్నారా అని నా నడుము లెక్క వేసుకుంది. క్యూ కదిలింది. నాకు దొరికిన ఒక్క నిమిషంలో ఏదీ దాచకుండా అడిగా. ఈసారి నా పేరుతో పాటు ఇంకొంతమంది పేర్లు చెప్పా.

నొప్పితో ఉన్నవాళ్లకి ఒక్క మాట. మీకు తగ్గలేదంటే మీ భక్తి తక్కువని ఎవరన్నా నమ్మకండి. మూడో దశకం తాత్పర్యం చదవండి. స్వామిని అడగండి, డాక్టర్‌ని అడగండి, ఒకరు చెప్పింది సరిపోకపోతే ఇంకొకర్ని అడగండి. మాత్ర వేసుకుని పారాయణకి కూర్చోండి. రోజుకి ఒక్క దశకం చాలు.

వచ్చే వారం పూంతానం గారి కథతో కలుద్దాం. శ్రీకృష్ణార్పణమస్తు.